చితి ఖర్చు కొంత, కర్మాంతరం అప్పు కొండంత

వరికుంటపాడు: మనిషి పోయిన ఇంట్లో ఖర్చు లెక్క ఎవరూ అడగరు. అడిగితే తప్పనుకుంటారు. అయితే మన మెట్ట గ్రామాల్లో పేద కుటుంబాలు ఏళ్ల తరబడి వడ్డీ కట్టుకొనే అప్పుల్లో చావు ఖర్చు కూడా ఒకటి. అందుకే ఈ లెక్కను ఒకసారి విడదీసి చూడవలసి ఉన్నది.

ముందుగా దహనం. ఒక చితికి నాలుగైదు క్వింటాళ్ల ఎండు కట్టెలు కావాలి. పచ్చికట్టె అయితే ఇంకా ఎక్కువ పడుతుంది. పూర్వం చేలగట్ల తుమ్మ, వేప కొట్టి, ఇరుగుపొరుగు వారు తలా ఒక మోపు తెచ్చి పని జరిపించేవారు. ఇప్పుడు కట్టె ధర, కోతకూలి, ట్రాక్టరు బాడుగ మూడూ చేరాయి. రేషను కిరోసిను ఆగిపోవడంతో డీజిలు కొనవలసి వస్తున్నది. పాడె, పూలు, పలకలవాళ్లు, దూరాన ఉన్న బిడ్డలు వచ్చేదాకా ఐసుపెట్టె అద్దె దీనికి అదనం. పూడ్చే ఆచారం ఉన్నవారికి కట్టె బదులు గుంత తవ్వే కూలి. ఎంత లెక్క కట్టినా ఇది ఒక్కరోజు ఖర్చు.

రెండవది, మనిషి ఊరికి దూరంగా పోతే అయ్యే బాడుగ. నెల్లూరు ఇక్కడికి సుమారు నూరు కిలోమీటర్లు. 2022 ఏప్రిల్‌లో తిరుపతి రుయా ఆసుపత్రి వద్ద అంబులెన్సు బాడుగ ఇచ్చుకోలేక ఒక తండ్రి కొడుకు శవాన్ని మోటారు సైకిలుపై తీసుకుపోయిన సంగతి దేశమంతా చూసింది. ప్రభుత్వ పెద్దాసుపత్రుల నుండి శవాన్ని ఉచితంగా ఇంటికి చేర్చే మహాప్రస్థానం వాహనాలు ఉన్నాయి. ప్రైవేటు బండి మాట్లాడుకొనే ముందు వాటి గురించి అడగడం మేలు.

మూడవది కర్మాంతరం. అప్పు పెరిగేది ఇక్కడే. చిన్నదినం, పెద్దదినం, షామియానా, ఫ్లెక్సీలు, ఊరందరికీ భోజనాలు. ఉదాహరణకు ఒక కుటుంబం 50,000 రూపాయలు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిందనుకుందాం. నెలకు వెయ్యి, ఏడాదికి 12,000 వడ్డీకే పోతుంది. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. అంటే ఏడాదిలో 39 రోజుల కూలి వడ్డీకే సరి. అసలు అట్లాగే ఉంటుంది. నాలుగేళ్ల రెండు నెలలకు వడ్డీ అసలుతో సమానమవుతుంది.

ప్రభుత్వ సహాయం లేకపోలేదు. కుటుంబాన్ని పోషించే 18-59 ఏళ్ల వ్యక్తి మరణిస్తే, దారిద్ర్యరేఖకు దిగువనున్న వారికి జాతీయ కుటుంబ ప్రయోజన పథకం కింద 20,000 రూపాయలు ఇవ్వాలి. ఇది 1995 నుండి ఉన్న పథకం. 2015లో వచ్చిన జీవనజ్యోతి బీమాకు బ్యాంకు ఖాతా నుండి ఏడాదికి 436 రూపాయలు తగ్గుతాయి. ఖాతాదారు మరణిస్తే రెండు లక్షలు వస్తాయి. చేరడానికి వయసు 18-50. పాసుపుస్తకంలో ఈ కోత పడిందో లేదో ఇంటివారు చూసి పెట్టుకోవాలి. దేనికైనా మరణ ధ్రువీకరణ పత్రం కావాలి. 21 రోజుల లోపు పంచాయతీ కార్యదర్శికి తెలిపి నమోదు చేయిస్తే రుసుము లేదు.

అయితే ఈ సహాయాలేవీ చావు రోజు చేతికి అందవు. అరవై దాటిన వృద్ధులు పోతే కుటుంబ ప్రయోజన పథకమూ వర్తించదు, జీవనజ్యోతీ ఉండదు. ఊళ్లలో ఎక్కువగా జరిగేవి ఇటువంటి మరణాలే.

దీనికి దారి మన నియోజకవర్గంలోనే ఉన్నది. కలిగిరి మండలం దూబగుంట మహిళలు మొదలుపెట్టిన సారా వ్యతిరేక ఉద్యమంతో 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. ఆ ఊపులోనే నెల్లూరు జిల్లా మహిళలు రోజుకు రూపాయి చొప్పున పొదుపులక్ష్మి కట్టారు. అదే పద్ధతిలో నూరు గడపల ఊరు ఇంటికి రోజుకు రూపాయి వేస్తే ఏడాదికి 36,500 రూపాయలు జమ అవుతాయి. అందులో నుండి కట్టెకు, బాడుగకు వడ్డీ లేకుండా ఇచ్చి, పంట చేతికొచ్చాక తిరిగి తీసుకోవచ్చును. పొదుపు సంఘాలు, గ్రామ పెద్దలు కూర్చొని ఈ ఏర్పాటు చేయాలి.

కర్మాంతరం భోజనాలకు ఊరే ఒక హద్దు పెట్టుకుంటే, తక్కువ చేశారన్న మాట ఏ ఇంటికీ రాదు. తన దినం ఎంతలో జరపాలో పెద్దలు బతికి ఉండగానే బిడ్డలకు చెప్పి ఉంచడం కూడా మంచిది.