పాఠశాల సంఘములు ఎవరివి?

విద్యార్థి సంఘము లేని ఉన్నత పాఠశాల ఈనాడు అరుదు. సాహిత్య సంఘము, విజ్ఞాన సంఘము, పర్యావరణ సంఘము, ఆరోగ్య సంఘము - పేర్లకు కొరత లేదు. నిజామాబాదు పట్టణమందును, బోధను చుట్టుపట్ల చెఱకు పండిన పల్లెలందును గల పెక్కు పాఠశాలలలో ఈ సంఘముల పట్టిక గోడమీద కనబడును. అందులో అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి మున్నగు పదవులును, వాని కెదురుగా పిల్లల పేర్లును ఉండును. కాని ఆ కార్యదర్శిని పిలిచి, “గత సమావేశమున మీరేమి తీర్మానించితిరి?” అని ప్రశ్నించినచో, చాలచోట్ల ఆ బాలుడు సమాధానమునకై ఉపాధ్యాయుని ముఖము వంక చూచును. లోపమంతయు ఆ చూపులోనే తెలియుచున్నది. సంఘమున్నది గాని, అది తనదను భావము విద్యార్థికి లేదు.

ఇట్లగుటకు కారణము దురూహ్యము కాదు. ఫలానా దినమున ఫలానా ఉత్సవము జరుపవలెనని పైనుండి ఉత్తరువు వచ్చును. ఆ భారము ఒక ఉపాధ్యాయునిపై పడును. ఆయన పిల్లలను వరుసగా నిలిపి, ఛాయాచిత్రము తీయించి పైకి పంపును. వక్తృత్వపు పోటీ యనిన, ప్రసంగమును పెద్దలే వ్రాసి యిత్తురు. పిల్లలు వల్లించి అప్పగింతురు. బహుమతి పొందినది ఎవరి మాట? జ్ఞాపకశక్తికి పరీక్ష జరిగినదే కాని, ఆలోచనకు జరుగలేదు. ఇందులకు ఉపాధ్యాయునే నిందించుట న్యాయము కాదు. బోధనకు తోడు నింపవలసిన పట్టికలును, పంపవలసిన లెక్కలును, పదవ తరగతి ఫలితములను గూర్చిన ఒత్తిడియు ఆయన తలమీద నున్నవి. వీని నడుమ సంఘపు గంటయే మొదట బలియగుచున్నది.

“పాఠములకే కాలము చాలనపుడు సంఘములకు కాలమెక్కడ?” అని పలువురు వాదింతురు. ఈ వాదమును లెక్కవేసి చూడవచ్చును. 2009 నాటి విద్యాహక్కు చట్టము ఆరు మొదలు ఎనిమిది వరకు గల తరగతులకు ఏటా 220 పనిదినములను, 1000 బోధన గంటలను నిర్ణయించినది. వారమునకు ఆరు దినముల చొప్పున 220 దినములనిన సుమారు 36 వారములు. వారమునకు 45 నిమిషముల గంట యొక్కటి సంఘమునకు విడిచినచో, ఏడాదికయ్యెడి కాలము 27 గంటలు. అనగా నూటికి మూడు వంతులైనను కాదు. ఈ స్వల్పకాలము ఫలితములను చెఱచునని చెప్పుట కష్టము. ఇది నేటి క్రొత్త కోరికయు కాదు. ఇట్టి కార్యక్రమములు విద్యలో అంతర్భాగము కావలెననియు, ఉపాధ్యాయులందఱు వానికై నియతముగా కొంతకాలము వినియోగింపవలెననియు 1952-53 నాటి మొదలియారు సంఘము సిఫారసు చేసినది. పాఠ్యమునకును పాఠ్యేతరమునకును నడుమ గోడ యుండరాదని 2020 నాటి జాతీయ విద్యావిధానము పలికినది. ఏడు దశాబ్దములుగా కాగితములు ఒకే మాట చెప్పుచున్నవి. లోపము ఆచరణలోనే గలదు.

సంఘమనునది వినోదమను భ్రమ యొకటి కలదు. ఈ ప్రాంతపు చరిత్ర తెలిసినవారికి అట్టి భ్రమ కలుగరాదు. 1921 నవంబరులో హైదరాబాదున జరిగిన సంఘసంస్కరణ సభలో అల్లంపల్లి వేంకటరామారావు తెలుగున ప్రసంగింప మొదలిడగా, సభలో కొందఱు గేలిచేసిరి. ఆ అవమానమును సహింపలేని కొద్దిమంది ఆ రాత్రియే ఆంధ్ర జనసంఘమును స్థాపించిరి. అది పెరిగి 1930లో జోగిపేటలో తొలి ఆంధ్రమహాసభయైనది. 1937లో ఆరవ మహాసభ మందుముల నరసింగరావు అధ్యక్షతన నిజామాబాదులోనే జరిగినది. పది మంది గూడి సభ జరుపవలెనన్న ప్రభుత్వపు అనుమతి ముందుగా పొందవలసిన కాలమది. తరువాత నిజామాబాదు చెఱలోనే ఖైదీయైన దాశరథి బొగ్గుముక్కతో గోడపై పద్యములు వ్రాసెను. నలుగురు గూడుటకు, తమ భాషలో మాటాడుటకు, మనసులోని మాటను గోడమీదనైనను వ్రాయుటకు ఇంత మూల్యము చెల్లించిన గడ్డ ఇది. ఇట్టి చోట విద్యార్థుల సమావేశము ఛాయాచిత్రము కొఱకు మాత్రమే జరుగుట సామాన్యమైన లోపము కాదు.

1921 నాటి ఆ గేలి పూర్తిగా అణగినదని చెప్పుటకును వీలులేదు. బోధను ప్రాంతము బహుభాషల కూడలి. తెలుగు, ఉర్దూ, మరాఠీ, లంబాడీ మాటాడు కుటుంబములు ఒకే వీధిలో కాపురముండును. నిజాంసాగరు నీటి కాలువలు వచ్చిన తరువాత కోస్తా జిల్లాలనుండి వచ్చి క్యాంపులలో స్థిరపడిన రైతుల వారసులును ఇచ్చటనే కలరు. ఇన్ని నుడికారములు ఒకే తరగతి గదిలో కూర్చుండగా, పుస్తకపు భాష నోటికి వచ్చిన పిల్లవాడే వేదికనెక్కుచున్నాడు. తండా నుండి వచ్చిన బాలిక, బీడీలు చుట్టు తల్లి కుమార్తె తమ యాస విని తోటివారు నవ్వుదురేమో యని వెనుక బల్లపై నోరు మెదపక కూర్చుందురు. పట్టణమున కలిగినవారి బిడ్డకు సంగీతము, చిత్రలేఖనము, క్రీడలు నేర్పుటకు వేరు తావులు దొరకును. ఈ బాలికలకు పాఠశాల సంఘము తప్ప నలుగురిలో నిలిచి మాటాడు తావు మఱియొకటి లేదు. ఆ ఒక్క గంటను తీసివేయుట వారి గొంతును తీసివేయుటయే.

అవకాశము దొరకినచో ఏమగునో ఈ జిల్లాయే చూపినది. పాకాల గ్రామపు కూలీల బిడ్డ మాలావత్ పూర్ణ సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థినిగా నుండి, భువనగిరి బండపై మొదలైన శిక్షణతో 2014 మే 25న ఎవరెస్టు శిఖరమునెక్కెను. అప్పటికామెకు పదునాలుగేండ్లు నిండలేదు. ఆమె ధైర్యమును ఏ త్రైమాసిక పరీక్షయు కనిపెట్టి యుండదు. అయితే సంఘముల పని శిఖరములెక్కువారిని ఏరుట మాత్రమే యని భావింపరాదు. ఎవరెస్టునెక్కువారు కోటికొకరు, సభలో లేచి తన అభిప్రాయమును నెమ్మదిగా చెప్పుట, ఎదుటివాని మాటను ఓపికతో వినుట, పదిమంది సొమ్మునకు లెక్క చెప్పుట మాత్రము ప్రతివానికిని కావలసిన విద్యలు.

ఇక సంఘము చేయదగిన పని ఏది? ఉత్తరువులకై ఎదురుచూడ నక్కరలేదు. పని పాఠశాల గుమ్మము ముందే యున్నది. 1937లో స్థాపితమైన నిజాం చక్కెర కర్మాగారము ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదిగా పేరొందినది. దాని చుట్టును శక్కర్‌నగర్ వెలసినది. 2015 డిసెంబరులో అది మూతపడినది. చెఱకు పండిన చేలు పెక్కు వరిచేలైనవి. అందులో పనిచేసిన వృద్ధులు ఇంకను ఆ పల్లెలలో కలరు. వారి నోట గల పనిముట్ల పేర్లను, గానుగ మాటలను, చెఱకు పిప్పి మొదలు పాకము వరకు గల వాడుకలను సాహిత్య సంఘము సేకరింపవచ్చును. వారితోపాటు ఆ మాటలును పోయిన పిమ్మట ఏ నిఘంటువును వానిని తిరిగి తేజాలదు. పర్యావరణ సంఘము మొక్క నాటి ఛాయాచిత్రము తీయించుకొనుటకు బదులు, గోదావరి, మంజీర, హరిద్ర కలియు కందకుర్తికి పోయి నెలకొకమారు నీటిమట్టము కొలిచి వ్రాసియుంచవచ్చును. గణిత సంఘము పసుపు విపణిలోని తూకములను, ధరలను పట్టికగా చేసి అర్థము చేసికొనవచ్చును. ఇట్టి పనిలో పాఠము నష్టపడదు. పాఠమునకు ప్రాణము వచ్చును.

దీనికి ధనము కన్న నియమము ముఖ్యము. కార్యవర్గమును ఉపాధ్యాయుడు నియమింపక, విద్యార్థులే చీటీలు వేసి ఎన్నుకొనవలెను. సమావేశపు వివరములు విద్యార్థి చేతివ్రాతలోనే యుండి, తరువాతి సమావేశమున అందఱి యెదుట చదువబడవలెను. చందా పది రూపాయలైనను, దాని జమాఖర్చులు గోడమీద అంటింపబడవలెను. ఈ మూడింటిని పాటించిన సంఘము బ్రతుకును. పాటింపనిది పట్టికలోనే మిగులును.

ఉపాధ్యాయుని స్థానము అపుడు వేదికపై కాదు, చివరి బల్లపై. తీర్మానము తప్పుదారి పట్టినను ఆయన వెంటనే లేవరాదు. నాటకము తడబడనిండు, గోడపత్రికలో అక్షరదోషములు దొర్లనిండు; మరుసటి సంచికలో పిల్లలే దిద్దుకొందురు. నీటిలో దిగనివానికి ఈత రాదు. మునుగకుండ కాచుట గురువు పని గాని, శిష్యునికి బదులు ఈదుట కాదు.

విద్యార్థులును ఒక విషయము గుర్తింపవలెను. తమ సంఘమునకు తీర్మానముల పుస్తకము లేనిచో అడుగుట వారి హక్కు. ఉన్నచో దానిని శుభ్రముగా నడుపుట వారి విధి. పదునాలుగేండ్ల వయసున ఓటు వేసి, ఓడి, గెలిచినవానితో కలిసి పనిచేసిన బాలుడు, పదునెనిమిదేండ్లు నిండిన పిదప ఓటునకు ధర కట్టువానిని చూచి మోసపోడు. ఊరి సభలోను, సహకార సంఘములోను లెక్క అడుగుటకు జంకడు. పాఠశాలలోని ఆ చిన్న సంఘము వలన రేపటి పెద్ద సంఘమునకు కలుగు మేలు ఇదియే.