రక్తదానము – ఆచారపరుల సంకోచము

దానమనగానే భక్తజనులకు అన్నము, గోవు, భూమి, సువర్ణము స్మృతికి వచ్చును. కార్తికమున దీపదానమునకు, సంక్రాంతికి గుమ్మడికాయ దానమునకు ఎవరును వెనుదీయరు. రక్తదానమను మాట వచ్చినంతనే ఆచారపరులలో ఒక సంకోచము పొడసూపును. ఉత్సవ దినములలో ఆలయ ప్రాంగణమున శిబిరము ఏర్పరచినపుడు అన్నప్రసాదపు వరుస వీధి దాటి పోవును. శిబిరములోని మంచములు మాత్రము చాలవరకు ఖాళీగానే యుండును.

ఈ సంకోచమునకు మూలము అశౌచభావన. మనుస్మృతి పంచమాధ్యాయము దేహమునకు సంబంధించిన పండ్రెండు మలములలో రక్తమును కూడ లెక్కించినది. గాయమునుండి నెత్తురు స్రవించుచుండగా దేవతార్చన చేయరాదను నియమమును అర్చకులెల్లరు ఎరుగుదురు. ఆ నియమమును తక్కువ చేయ పనిలేదు. అయితే అది దేహమునుండి జారిపడి నిరర్థకమైన దానిని గూర్చినది. కేశములు శిరస్సున నున్నంతవరకు శోభ. రాలి అన్నములో పడినపుడు దోషము. నాళములలో ప్రవహించు రక్తమును ఆయుర్వేదము సప్తధాతువులలో రెండవదిగా పరిగణించినది. సుశ్రుతుడు దానిని దేహమునకే మూలముగా భావించెను. ఒక దేహమునుండి శుద్ధమైన సంచిలోనికి, అటనుండి మరియొక దేహములోనికి చేరు రక్తము ధాతువుగానే ప్రయాణించుచున్నది. అర్చకుడు ఆ దినమున గర్భాలయ ప్రవేశము మానుకొని, తన ఆగమ సంప్రదాయము చెప్పిన శుద్ధి పాటించి మరల కైంకర్యమునకు పూనుకొనవచ్చును. నియమము కోరునది కొంత విరామమును మాత్రమే. ప్రాణదానమునే అది నిషేధించునని చెప్పుట శాస్త్రమునకు లేని మాటను అంటగట్టుటయే.

రెండవ శంక బలక్షయమును గూర్చినది. వయోజనుని దేహమున సుమారు 5 లీటర్ల రక్తముండును. శిబిరములలో తీసికొనునది సాధారణముగా 350 మిల్లీలీటర్లు. అందలి ద్రవభాగము ఒకటి రెండు దినములలో పూరింపబడును, ఎర్రకణములు తిరిగి నిండుటకు కొన్ని వారములు పట్టును. అసలు ఎర్రకణము ఆయుర్దాయమే సుమారు 120 దినములు. దానమిచ్చినను ఇవ్వకున్నను, నేడు దేహములో తిరుగుచున్న కణములు నాలుగు మాసములలో నశించునవే. అనిత్యమైన దేహమును గూర్చి గంటల తరబడి ప్రవచనములు వినువారు ఈ ఒక్క విషయమున ఇంత లోభము చూపుట వింతగా నున్నది. శిబి చక్రవర్తి తన మాంసమును కోసి తూచెను, దధీచి అస్థులకై ప్రాణమునే విడిచెను. ఈ కథలను పురాణ కాలక్షేపములలో విని కన్నీరు పెట్టినవారిని నేడు అడుగుచున్నది మూడు మాసములలో దేహము తిరిగి సమకూర్చుకొను వస్తువును మాత్రమే.

భగవద్గీత పదునేడవ అధ్యాయము దానమును మూడు విధములుగా విభజించినది. ప్రత్యుపకారము చేయజాలని వానికి, తగిన దేశకాలములలో, ఇవ్వవలెనను భావముతో ఇచ్చునది సాత్త్వికము. ఎవరికి చేరునో ఎరుగక ఇచ్చిన రక్తమునకు ఈ లక్షణము సరిపోయినట్లు అన్యదానములకు సరిపోవుట అరుదు. గ్రహీతకు దాత పేరు తెలియదు, దాతకు గ్రహీత ముఖము తెలియదు. సంచిపై వ్రాయబడునది రక్తవర్గము, దినాంకము మొదలగు వివరములే. గోత్రము వ్రాయు చోటు అందు లేదు. నలువది యెనిమిది దినములు నిరాహారుడైన రంతిదేవుడు చివరికి మిగిలిన జలమును సైతము అడిగినవాని కులమెంచక ఇచ్చెనని భాగవత నవమస్కంధ కథ. దానిని చదివినవారికి ఇక్కడ సంశయముండరాదు.

రాజసదానపు ఛాయలు కూడ ఈ రంగమున లేకపోలేదు. నాయకుల, నటుల జన్మదినములందు ఛాయాచిత్రముల కొరకు జరుగు శిబిరములు ఆ కోవలోనివి. వానివలన కూడ ప్రాణములు నిలుచును గనుక నిందింప పనిలేదు. అయితే కాలదోషమొకటి కలదు. రక్తము గాదెలో ధాన్యమువలె నిలువ యుండునది కాదు. ఎర్రకణములు 35 లేక 42 దినములు, ప్లేట్‌లెట్లు సాధారణముగా 5 దినములు మాత్రమే నిలుచును. ఒకనాడు వందలమంది ఇచ్చి, తరువాత రెండు మాసములు ఎవరును ఇవ్వకున్న, తలసీమియా పీడిత శిశువునకు ప్రయోజనమేమి? ఆ శిశువునకు మూడు నాలుగు వారములకొకమారు, జీవితాంతము, రక్తమెక్కింపవలసి యుండును. కళాశాలలు మూతపడు గ్రీష్మమున కొరత మరింత తీవ్రమగును. పురుషులు 90 దినములకు, స్త్రీలు 120 దినములకు ఒకమారు ఇవ్వవచ్చును. ఆరోగ్యవంతుడైన పురుషుడు ఉగాది, గురుపూర్ణిమ, దీపావళి సమీపమునను, స్త్రీ ఉగాది, దీపావళి సమీపమునను ఇచ్చునట్లు వ్రతముగా పెట్టుకొనినచో వ్యవధి నియమమునకు భంగము రాదు.

పాత్రత విషయమున ఒక విపర్యయము గమనింపదగినది. ఇతర దానములలో దాత గ్రహీత పాత్రతను పరీక్షించును. ఇక్కడ పరీక్ష దాతకే. వయస్సు 18 నుండి 65 లోపు, బరువు కనీసము 45 కిలోలు, హిమోగ్లోబిన్ 12.5 గ్రాములకు తగ్గరాదు. తరువాత హెచ్.ఐ.వి., హెపటైటిస్ బి, సి, సిఫిలిస్, మలేరియా పరీక్షలు జరుపుదురు. అయినను సోకిన తొలిదినములలో కొన్ని వ్యాధులు పరీక్షకు దొరకకపోవచ్చును. కావున ప్రశ్నపత్రమున దాత చెప్పు సత్యమే తొలి రక్షణ. పదిమందిలో చిన్నతనమగునని రోగమును దాచి మంచమెక్కుట దానము కాదు, హింస. అట్టివాడు మౌనముగా లేచిపోయినచో అదియే ఆనాటి ధర్మము.

రక్తవిక్రయమును గూర్చి ఒక మాట. 1996లో సర్వోన్నత న్యాయస్థానమిచ్చిన తీర్పు ననుసరించి 1998 జనవరి 1 నుండి మన దేశమున రక్తమును అమ్ముకొను దాతల పద్ధతి నిషిద్ధమైనది. వేదవిక్రయమును గర్హించిన సంప్రదాయమునకు ఈ తీర్పు పరాయిది కాదు. దాతలు కరవైనచోట మాత్రము బేరము దొడ్డిదారిన తిరిగి వచ్చును. దానికి అవకాశమిచ్చువారిలో ఇవ్వగలిగియు ఇవ్వని వారు కూడ కలరు.

శిబిరములు నిర్వహించు ఆలయములు ఏకాదశినాడు వానిని పెట్టకుండుట మేలు. ఉపవాసముతో రక్తమిచ్చినవారు మూర్ఛిల్లుదురు, ఆ వార్త ఊరంతయు పాకి మరుసటి శిబిరమునకు ఒక్కరును రారు. ద్వాదశి పారణ అయిన పిదప, ప్రసాదము స్వీకరించి, తగినంత జలము త్రాగినవారినే మంచములకు పంపవలెను.