కళాశాలల మెట్లు

మన కళాశాలల వార్షికోత్సవములలో నొక ముచ్చట తఱచుగా గనబడుచున్నది. వేదికపై నొక దాత నిలుచును, నడువలేని విద్యార్థి కొకరికి చక్రాల కుర్చీ నిచ్చును, చప్పట్లు మ్రోగును, మఱునాడు పత్రికలో ఛాయాచిత్రము పడును. అట్టి సభ కొకదానికి మేమును బోయితిమి. కుర్చీని బుచ్చుకొన్నది బి.ఏ. మూడవ యేడు చదువుచున్న యొక బాలిక. సభానంతరమున గ్రంథాలయమును జూడబోగా దాని ముందు తొమ్మిది మెట్లుండెను. ఆమె క్రిందనే నిలిచిపోయినది. కావలసిన పుస్తకమును స్నేహితురాలు పైనుండి తెచ్చియిచ్చినది. మూడేండ్లుగా నట్లే జరుగుచున్నదట! ఆ గ్రంథాలయము లోపల నెట్లుండునో యామె యెఱుగదు.

దాతను మేము నిందింపము. కాని యా బాలిక కళాశాలకు వచ్చినది దానము పట్టుటకా, చదువుకొనుటకా? ఇట్టివారిని నిన్నటిదాక వికలాంగు లంటిమి. నేడు దివ్యాంగు లనుచున్నాము. పేరు మార్చితిమి గాని మెట్టు మార్చలేదు.

ఇది దయాధర్మముల విషయము కాదు. 1995 నాటి చట్టము విద్యాసంస్థలలో వీరికి నూటికి మూడు స్థానముల నిచ్చినది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలలోను, ప్రభుత్వ సహాయము పొందు సంస్థలలోను ఐదింటికి దక్కువ గాకుండ నిచ్చి, వయఃపరిమితిలో ఐదేండ్ల సడలింపును గల్పించినది. కట్టడములు, వసతులు వారి కందుబాటులో నుండవలెననియు, ఒక్కొక్కరి యవసరమునకు దగిన యేర్పాట్లు చేయవలెననియు శాసించినది. ఈ యందుబాటు నియమములు కేవలము సలహాలుగా నుండరాదనియు, తప్పనిసరి ప్రమాణములను మూడు నెలలలో నేర్పఱుపవలెననియు సర్వోన్నత న్యాయస్థానము 2024 నవంబరులో ఆదేశించినది. హక్కుగా రావలసినదానిని దానముగా నిచ్చి చప్పట్లు గొట్టించుకొనుట బాకీ తీర్చి సన్మానము గోరుట వంటిది.

"ఒక్కరి కోసమై యింత వ్యయమా?" యని కొంద ఱందురు. అడుగెత్తు మెట్టునకు పండ్రెండడుగుల వాలుబాట చాలును. స్వాగత తోరణములకు, రంగుల దీపములకు సొమ్ము దొరకు కళాశాలకు పిడికెడు సిమెంటు దొరకదా? మఱి, "ఒక్కరే గదా" యనుట మఱింత విపరీతము. ఒక్కరే యుండుట యా మెట్ల ఫలమే. తక్కినవారు వాకిటనుండియే మరలిపోయిరి.

మెట్లన్నియు ఱాతివి కావు. కన్నులు లేని విద్యార్థులు నేడు కంప్యూటరుచే పుస్తకమును చదివించుకొని వినుచున్నారు. 2012లో సవరింపబడిన మన కాపీరైటు చట్టము పుస్తకములను వారికి దగిన రూపములోనికి మార్చుటకు అనుమతించినది. ఇట్టి పుస్తకములను గూర్చిన మరాకెష్ ఒడంబడికను 2014లో ఎల్ల దేశములకంటె ముందుగా ధ్రువీకరించినది మన దేశమే. అయినను తెలుగు పుస్తకములు పెక్కు యూనికోడు గాని ఫాంట్లలో గూర్పబడుచున్నవి. వానిని యంత్రమునకిచ్చిన నర్థము లేని కూతలే వినవచ్చును. యూనికోడులో గూర్చిన ప్రతి నొకదానిని విద్యార్థుల కిచ్చుటకు ప్రచురణకర్తలకు గావలసినది ధనము గాదు, శ్రద్ధ.

"వీరి కింత చదువెందు?" కను వారు నింకను గలరు. మచిలీపట్టణము చెంత నొక పల్లెలో అంధుడుగా బుట్టిన బొల్లా శ్రీకాంత్ పదవ తరగతి ముగించినపుడు సైన్సు చదువరాదనిరి. ఆయన పోరాడి యనుమతి సంపాదించి, చదివి, అమెరికాలోని ఎం.ఐ.టి.లో జేరి పట్టభద్రుడై వచ్చి, హైదరాబాదులో పరిశ్రమను స్థాపించెను. అడ్డము ఆయన కన్నులలో లేదు, నిబంధనలో నుండెను. అయితే ప్రతి బాలుడును పోరాడియే చదువవలెనా? పోరాడు శక్తి లేనివాడు చదువునకు దగడా?

పాఠకులారా! ఒకప్పుడు ఆడుపిల్లలకు జదువెందు కని యిట్లే యడిగిరి. మన పెద్దలు లక్ష్యపెట్టక బడులు తెఱచిరి. నేడు మనయిండ్లలోనే కాలు లేని బిడ్డను, చూపు లేని బిడ్డను చుట్టముల కంటబడకుండ లోపలి గదిలో నుంచువారు లేరా? ముందుగా నా తలుపు తీయుడు. మీ పిల్లలను కళాశాలలో జేర్చునపుడు, వారికి సర్వాంగములు చక్కగా నున్నను సరే, మూడు ప్రశ్న లడుగుడు: గ్రంథాలయమునకు వాలుబాట గలదా? అంధులు చదువగల పుస్తకము లున్నవా? పరీక్షలో లేఖకుని, అదనపు సమయమును అడిగినవారికి బ్రతిమాలించుకొనకుండ నిత్తురా? రుసుము చెల్లించువా రడిగిన ప్రశ్నకు ప్రత్యుత్తర మీయక తప్పదు.

దాతలారా! మీ పేరును కుర్చీ వీపున గాక, వాలుబాట ప్రక్కను జెక్కించుకొనుడు. ఆ బాలిక బీరువాల నడుమ తిరిగి, తనకు గావలసిన పుస్తకమును తానే యెంచుకొన్ననాడు మీ కుర్చీకిని సార్థకత చేకూరును.