ఎగ్జామ్ హాల్లో పాటించే రూలు రోడ్డెక్కితే ఏమవుతోంది?

నాలుగేళ్ల కిందటి మాట. ఉదయం తొమ్మిదిన్నరకు మాదాపూర్‌లో వాకిన్ ఇంటర్వ్యూ. నేనూ, నా రూమ్మేటూ అమీర్‌పేట హాస్టల్ నుంచి బయల్దేరేసరికే ఎనిమిది నలభై. వాడు బండి నడుపుతున్నాడు, సర్టిఫికెట్ల ఫైలు పట్టుకుని వెనక నేను. చివరికి ఒక సందులోంచి మెయిన్ రోడ్డెక్కాం. కుడి చేతి వైపు రెండు వందల మీటర్ల దూరంలో ఆఫీసు బోర్డు కనిపిస్తోంది. సరైన దారిలో వెళ్లాలంటే ఎడమకు తిరిగి, రెండు యూటర్న్‌లు తీసుకుని చుట్టి రావాలి. ‘పోలీసు లేడు, ఇటే పోనీయ్‌రా’ అన్నది నేనే.

ఎదురుగా ఫుడ్ డెలివరీ కుర్రాడు వస్తున్నాడు. అతనిది కరెక్ట్ రూటు. మమ్మల్ని తప్పించబోయి సడన్ బ్రేక్ కొట్టాడు, బండి జారి పడిపోయాడు. మాకు చిన్న గీత కూడా పడలేదు. వెనక్కి తిరిగి చూస్తే, మోకాలు పట్టుకుని రోడ్డు మీద కూర్చుని ఉన్నాడు. మేం ఆగలేదు. టైమ్ తొమ్మిది ఇరవై ఎనిమిది.

నన్ను లోపలికి పిలిచింది పదకొండు దాటాక. ఆ ఉద్యోగం వచ్చింది కూడా. ఆ కుర్రాడి కాలు ఏమైందో, ఆ రోజు సంపాదన ఏమైందో మాత్రం నాకు ఇప్పటికీ తెలియదు.

నిజంగా మనకు క్రమశిక్షణ లేదా?

ట్రాఫిక్ మాటెత్తితే చాలు, ‘మనోళ్లకి సివిక్ సెన్స్ లేదండీ’ అని ఎవరో ఒకరు తేల్చేస్తారు. నాకు ఆ మాట మీద నమ్మకం లేదు. నిమిషం ఆలస్యమైనా లోపలికి రానివ్వరంటే గంట ముందే సెంటర్ గేటు దగ్గర ఉంటాం. బూట్లు వద్దంటే చెప్పులేసుకుని వెళ్తాం. వాచీ తీసేయమంటే మారుమాట్లాడకుండా తీసేస్తాం. ఓఎంఆర్ షీట్‌లో ఒక్క గీత బయటికి పోకుండా బబుల్ దిద్దుతాం. అమీర్‌పేట మెట్రో స్టేషన్‌లో పసుపు గీత వెనక నిలబడతాం. అదే మనం మెట్లు దిగి, కింద పార్క్ చేసిన బండి తీయగానే జీబ్రా క్రాసింగ్ మీదికి ఎక్కించేస్తాం. రెడ్ లైట్ ఇంకా మూడు సెకన్లు ఉండగానే హారన్ మొదలుపెడతాం.

ఐదు నిమిషాల్లో మనిషి మారిపోడు కదా. మారింది ఒక్కటే. ఎగ్జామ్ హాల్లో రూలు తప్పితే నష్టం మనకే, అప్పటికప్పుడే. రోడ్డు మీద రూలు తప్పితే రెండు నిమిషాల లాభం మనకు, నష్టం చాలాసార్లు ఎదుటివాడికి. ఆ రోజు మా రెండు నిమిషాలకు ధర కట్టింది ఆ డెలివరీ కుర్రాడే. మనకు లేనిది సివిక్ సెన్స్ కాదు, ఎదుటివాడికి తగిలే దెబ్బను మన లెక్కలో వేసుకునే అలవాటు.

అలాగని ఆ దెబ్బ ఎప్పుడూ ఎదుటివాడి దగ్గరే ఆగిపోదు. కేంద్ర రోడ్డు రవాణా శాఖ నివేదిక ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. మృతుల్లో దాదాపు మూడింట రెండు వంతుల మంది 18 నుంచి 45 ఏళ్ల లోపువాళ్లే. అంటే చదువుకుంటున్నవాళ్లు, ఉద్యోగం వెతుక్కుంటున్నవాళ్లు, ఇల్లు నడుపుతున్నవాళ్లు. ఆ ఒక్క ఏడాదిలోనే హెల్మెట్ లేకుండా చనిపోయినవాళ్లు 50,029 మంది. వాళ్లలో 14,337 మంది వెనక కూర్చున్నవాళ్లు. ఆ రోజు నేను కూర్చున్నదీ వెనకే, నా తల మీదా హెల్మెట్ లేదు.

టైమ్ అండ్ డిస్టెన్స్ చాప్టర్ గుర్తుందా?

అరిథ్‌మెటిక్‌లో ఎదురెదురుగా వచ్చే రెండు రైళ్ల లెక్క మనందరికీ కంఠతా వచ్చు. వేగాలు రెండూ కలపాలి. దాన్నే రాంగ్ రూట్‌కు వేసి చూడండి. మీ బండి గంటకు 36 కిలోమీటర్లు, ఎదుటి బండి 36 కిలోమీటర్లు. కలిపితే 72, అంటే సెకనుకు 20 మీటర్లు. మీ ఇద్దరి మధ్య 40 మీటర్లు ఉన్నాయనుకుంటే, చేతిలో ఉన్నవి రెండే సెకన్లు. ప్రమాదాన్ని గుర్తించి బ్రేక్ మీద కాలు పడేసరికే దాదాపు ఒక సెకను పోతుంది. మిగిలిన ఒక్క సెకనులో రెండు బళ్లు ఆగాలి. ఈ లెక్క పేపర్ మీదిస్తే నలభై సెకన్లలో చేసేస్తాం. రోడ్డు మీద మాత్రం ‘మెల్లగానే పోతున్నాం కదా’ అనుకుంటాం.

తప్పంతా మనదేనా?

కాదు. యూటర్న్‌లు కిలోమీటర్ల దూరంలో పెట్టి, నడిచేవాళ్లకు ఫుట్‌పాత్ లేకుండా చేసి, ఉన్న ఫుట్‌పాత్‌ను షాపులకు వదిలేసి, వానకు కొట్టుకుపోయిన రోడ్డును నెలల తరబడి అలాగే ఉంచి, జనానికి క్రమశిక్షణ లేదంటే కుదరదు. చలాన్ల సంగతీ అంతే. తెలంగాణలో పెండింగ్ చలాన్ల మీద 2022 మార్చిలో ఒకసారి, 2023 డిసెంబరు చివర్లో మరోసారి భారీ రాయితీలిచ్చారు. టూ వీలర్‌కు మొదటిసారి 75 శాతం, రెండోసారి 80 శాతం తగ్గించారు. బకాయిలు వసూలయ్యాయి, నిజమే. కానీ చలాన్ పడిన వారంలోనే కట్టినవాడు వెర్రివాడయ్యాడు, ‘ఆఫర్ వస్తుందిలే’ అని కూర్చున్నవాడు తెలివైనవాడయ్యాడు. శిక్ష ఖాయం కానప్పుడు రూలుకు విలువ ఉండదు. నిమిషం నిబంధనకు అంత భయపడేది అందులో డిస్కౌంట్ లేదు కాబట్టే.

ఇవన్నీ అడగాల్సినవే, గట్టిగా అడగాలి కూడా. అయితే రోడ్డు బాగుపడేదాకా నేను రాంగ్ రూట్‌లోనే వస్తానంటే, ఆ శిక్ష పడేది యూటర్న్ పెట్టిన ఇంజినీరుకు కాదు, ఎదురుగా వస్తున్నవాడికి.

కెరీర్‌కూ సంబంధం ఉంది

‘మహా అయితే ఫైనే కదా’ అనుకునేవాళ్లకు రెండు విషయాలు. మోటారు వాహనాల చట్టంలో ట్రాఫిక్‌కు ఎదురుగా నడపడం, సిగ్నల్ జంప్ చేయడం, ఫోన్ చేత్తో పట్టుకుని నడపడం ప్రమాదకర డ్రైవింగ్ కిందికే వస్తాయి. కోర్టు జైలుశిక్ష కూడా వేయొచ్చు. తాగి నడిపి మొదటిసారి దొరికితే పదివేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. అది అక్కడికక్కడ కట్టేసి వచ్చే చలాన్ కాదు, కోర్టుకు వెళ్లాలి.

రెండోది, ప్రభుత్వ ఉద్యోగం వచ్చాక నింపే అటెస్టేషన్ ఫారం. అరెస్టయ్యారా, కేసులున్నాయా, కోర్టు శిక్ష వేసిందా అని అందులో అడుగుతారు. ‘చిన్న కేసేగా, రాయకపోతే ఎవరికి తెలుస్తుందిలే’ అని సీనియర్లు సలహా ఇస్తారు. వినకండి. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ విషయం వివరంగా చెప్పింది. వయసులో తెలియక చేసిన చిన్నపాటి తప్పులను యాజమాన్యం తన విచక్షణతో క్షమించవచ్చు. కానీ అభ్యర్థి ఇచ్చే సమాచారం మాత్రం నిజమై ఉండాలి, దాపరికం ఉండకూడదు. ఏళ్ల తరబడి అశోక్‌నగర్‌లో రూమ్ తీసుకుని చదివి, ఒక శనివారం రాత్రి చేసిన పనికి ఆ ఫారం ముందు చెమటలు పట్టించుకోవడం అవసరమా?

మన చేతిలో ఉన్నంత వరకు

గొప్ప ప్రతిజ్ఞలేం అక్కర్లేదు. ఇంటర్వ్యూ ఉంటే ముందురోజే మ్యాప్‌లో దారి చూసుకోండి. ఆఫీసు ఎక్కడుందో చూస్తే చాలదు, యూటర్న్ ఎక్కడుందో కూడా చూడండి. అరగంట ముందు బయల్దేరండి. దారిలో మెట్రో ఉంటే ఆ రోజుకు బండి పక్కన పెట్టండి. రెండో హెల్మెట్ కొనండి, ఐఎస్ఐ మార్కుది. పోలీసును చూసి పెట్టుకునే ప్లాస్టిక్ టోపీ కాదు. ఆలస్యమవుతోందా, బండి పక్కకు ఆపి హెచ్ఆర్‌కు ఒక ఫోన్ చేయండి. ‘ట్రాఫిక్‌లో ఉన్నాను, పదిహేను నిమిషాలు పడుతుంది’ అంటే ఉద్యోగం పోవడం అరుదు. ఒకవేళ పోయినా, ఇంకో ఇంటర్వ్యూ వస్తుంది.

ఇంకొక్కటి. మీ బండి వల్ల ఎవరికైనా దెబ్బ తగిలితే ఆగండి. వైద్యం అందేలా చూడటం చట్టప్రకారం మీ బాధ్యత. వేరే వాళ్లకు ప్రమాదం జరిగితే 108కి ఫోన్ చేయండి. సాయం చేసినవాళ్లను వేధించకుండా 2019 సవరణలో రక్షణ కల్పించారు. పేరు చెప్పమని కూడా బలవంతం చేయకూడదు.

నేను ఇప్పుడు ఆఫీసుకు వెళ్లేదీ ఆ రోడ్డు మీదుగానే. రోజూ రెండు యూటర్న్‌లు తీసుకుంటాను. ఎన్ని నిమిషాలు ఎక్కువ పడుతుందో ఒకసారి ఫోన్‌లో టైమ్ పెట్టి చూశాను. ఆరు నిమిషాలు. ఆ రోజు పదకొండు దాకా రిసెప్షన్‌లో ఖాళీగా కూర్చున్న నాకు, ఆ ఆరు నిమిషాలే లేకుండా పోయాయి.