సొంత జట్టుకే తెర!
అమెరికాలో బేస్‌బాల్ అభిమానుల పాట్లు విన్నారా? అభిమాన హీరో సినిమా ఆడుతోంటే, "మీది ఈ వూరేగా, మీకు టిక్కెట్టివ్వం" అన్నట్టుండేది వ్యవహారం! లీగు వారి ఎం.ఎల్.బి. టీవీకి డబ్బు కడితే పరాయి జట్లన్నీ కనిపించేవి. సొంత జట్టుకి మాత్రం బ్లాకౌట్! ఆ హక్కులు లోకల్ కేబుల్ చానళ్లు కొనుక్కున్నాయి మరి. అయోవాలో మేజర్ లీగ్ జట్టే లేదు. అయినా ఆరు జట్ల ఆటలు అక్కడ బందు! 2023 మార్చిలో అలాంటి చానళ్లెన్నో నడిపే డైమండ్ స్పోర్ట్స్ దివాలా పిటిషన్ వేసింది. మే 31న శాన్ డియేగో పాడ్రెస్ ప్రసారాన్ని లీగే అందుకుని, నెలకి 20 డాలర్ల లోపే వూరివాళ్లకి స్ట్రీమింగ్ ఇచ్చింది. భేష్! కానీ కొన్ని శుక్రవారం ఆటలు 2022లోనే ఆపిల్ టీవీకి పోయాయి. 2023 నుంచి దానికి వేరే చందా. జేబు చిన్నదైన కుర్రాడికి ఇప్పటికీ రేడియోయే దిక్కు గురూ!