పాదిరిగారి బొమ్మ రైలు

ఇంగ్లండులో పీటర్ డెన్నీ అనే ఆంగ్లికన్ పాదిరిగారు 1940లలో మొదలుపెట్టి, దశాబ్దాల తరబడి ఇంట్లో ‘బకింగ్‌హామ్’ అనే బొమ్మ రైలుమార్గాన్ని కట్టారు. అసలు రైలులో ఒక అడుగు అందులో 4 మిల్లీమీటర్లు. 50 అడుగుల పెట్టె 20 సెంటీమీటర్లే! పెట్టెలను ఆయన స్వహస్తాలతో చేసుకున్నారు. పెట్టె చూడముచ్చటగా ఉంటే చాలదు. చక్రాల మధ్య ఎడం రవ్వంత తేడా వచ్చినా మలుపులో పట్టాలు తప్పుతుంది. రంగులు వేయడంకంటె ఇదే కష్టమని మేమనుకుంటాము.

రైళ్లను టైంటేబులు ప్రకారం, గంట సంకేతాలతో నడిపేవారు. ఒక స్టేషనులో కుమారుడు క్రిస్పిన్ చేసే పనికి ఆయన ఒక యంత్రాన్ని తయారుచేసి, దానికి ‘ఆటోమేటిక్ క్రిస్పిన్’ అని పేరు పెట్టారు. అబ్బాయి ఇంట లేకపోయినా గంటకు జవాబు వచ్చేది. అన్ని పెట్టెలకంటె మాకు ఆ యంత్రమే ఇష్టం.