ఇనీషియల్‌లో దాక్కున్న ఊరు

ఆఫీసులో కొత్తగా చేరిన తెలుగువాళ్లకి రెండో రోజో మూడో రోజో ఒక ప్రశ్న ఎదురవుతుంది: "బ్రో, మీ ఇంటిపేరేంటి?" అడిగేవాడికి మీ వంశచరిత్ర మీద ఆసక్తేం ఉండదు. మీ కులమేంటో తెలియాలి, అంతే. నేరుగా అడగలేక ఈ దొడ్డిదారి.

విచిత్రమేంటంటే, చాలా ఇంటిపేర్లు చెప్పేది కులం కాదు, ఊరు. ఒకే ఊరి నుంచి వేర్వేరు కులాలవాళ్లు వలస వెళ్లి, కొత్తచోట అందరూ ఆ ఊరి పేరుతోనే చలామణీ అయ్యారు. అందుకే ఒకే ఇంటిపేరు మూడు నాలుగు కులాల్లో కనిపిస్తుంది. కులం కనిపెట్టే యాప్‌లా దాన్ని వాడితే తప్పు రిజల్ట్ రావడం మామూలే.

ఊరిని పట్టుకోవడానికి మన వ్యాకరణమే క్లూ ఇస్తుంది. 'ఇల్లుపేరు' అనం, 'ఇంటిపేరు' అంటాం కదా. ఊరి పేర్లూ అలాగే మారతాయి. కందుకూరు వాళ్లు కందుకూరి వారు, నెల్లూరు వాళ్లు నెల్లూరి వారు. 'పాడు' అయితే 'పాటి' అవుతుంది: ఆలపాడు, ఆలపాటి. కోడ్ రాసేవాళ్లకి ఇది చిన్న రీజెక్స్. చివర 'ఊరి' ఉంటే 'ఊరు' అనీ, 'పాటి' ఉంటే 'పాడు' అనీ మార్చి మ్యాప్స్‌లో వెతకండి. 'పల్లి', 'పూడి'లకి ఆ శ్రమ కూడా లేదు, ఉన్నదున్నట్టే. కాకపోతే ఒకే పేరుతో రెండు మూడు జిల్లాల్లో ఊళ్లుంటాయి, అక్కడ మ్యాప్ చేతులెత్తేస్తుంది.

పప్పు, మిరియాల, వంకాయల లాంటివి వేరే సంగతి. ఒక్కో ఇంట్లో ఒక్కో కథ చెప్తారు. వినడానికి బాగుంటాయి, నమ్మడం మీ ఇష్టం.

సర్వేపల్లి రాధాకృష్ణన్ 1888లో పుట్టింది ఇప్పటి తమిళనాడులోని తిరుత్తణిలో. సర్వేపల్లి ఉన్నది నెల్లూరు జిల్లాలో. గురజాడ అప్పారావు అంటే మనకి విజయనగరమే గుర్తొస్తుంది, గురజాడ మాత్రం కృష్ణా జిల్లా ఊరు. ఎప్పుడో కదిలిన కుటుంబాలు తమ ఊరిని పేరులో మోసుకెళ్లాయన్నమాట. మనమేమో దాన్ని ఒక్క అక్షరానికి కుదించేశాం. తమిళుల ఇనీషియల్ మామూలుగా తండ్రి పేరు, మనది ఇంటిపేరు. పాస్‌పోర్ట్ ఫారం నింపేటప్పుడు తప్ప దాన్ని పూర్తిగా రాసే పనే పడదు.

పెద్దవాళ్లు ఉండగానే అడగండి. తాతలు ఏ ఊరి నుంచి కదిలారు, ఎందుకు కదిలారు, అక్కడ మనవాళ్లెవరైనా మిగిలారా? ఇంట్లో పాత దస్తావేజులుంటే తీయండి, వాటిలో 'ఫలానా గ్రామ కాపురస్తులు' అని రాసుంటుంది.

అన్నట్టు, మీ అమ్మమ్మ పుట్టింటి పేరు తెలుసా? అమ్మదైతే బ్యాంకుల సెక్యూరిటీ ప్రశ్న పుణ్యమా అని గుర్తుంటుంది. అమ్మమ్మది, నానమ్మది? పెళ్లితో వాళ్ల ఇంటిపేరు మారిపోయింది, దాంతోపాటు వాళ్ల ఊరూ మన లెక్కలోంచి జారిపోయింది. బీరువా అడుగున వాళ్ల పెళ్లి శుభలేఖ దొరికితే, 'ఫలానా వారి అమ్మాయి' అని ఒక్క లైన్లో కనిపిస్తుంది. దాన్ని ఫొటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టండి. గుడ్‌మార్నింగ్ మెసేజ్‌లకి ఎప్పుడూ రాని రిప్లైలు దానికి వస్తాయి.